నల్లని గుఱ్ఱము, చేతిలో త్రాసు: ఆహారపు ధరలను గూర్చిన వేదపాఠము

వాక్యభాగములు: 2 రాజులు 6:24–7:2, ఆమోసు 8:4–7, నెహెమ్యా 5:1–13, ప్రకటన 6:5–6

అరాము సైన్యము షోమ్రోనును ముట్టడించిన దినములలో ఒక గాడిద తల యెంతకు అమ్ముడుపోయెనో రాజుల రెండవ గ్రంథము వ్రాసి యుంచినది. హెబ్రీ మూలమున ఎనుబది వెండి అని మాత్రమే కలదు. మన పాత తర్జుమాదారులు ఆ వెలను రూపాయలలో చెప్పిరి. వారి కాలమున ఎనుబది రూపాయలనగా పల్లె బడిపంతులకు అనేక మాసముల జీతము గనుక చదువరి గుండె ఝల్లుమనెడిది. నేడు ఆదివారపు బడిలో ఈ వచనమును చదివించినయెడల పిల్లలు నవ్వుదురు. ఎనుబది రూపాయలకు కిలో కందిపప్పు రాదని వారికి తెలియును. తర్జుమా మారలేదు, రూపాయి మారినది. అందుచేత వాక్యములోని భయము తొలగిపోయినది.

ఈ చిన్న సంగతిలో మన పాఠమునకు కావలసిన మొదటి తెలివి యున్నది. ధర యనునది వస్తువుపై అంటించిన అంకె కాదు. కొనువాని చేతిలోని కూలికిని, వాని యింటనున్న నోళ్లకును, సంతలోని కొలతకును మధ్యనున్న సంబంధమే ధర. అంకె పెరిగినను కూలి దానితోకూడ పెరిగినచో కరవు రాదు. అంకె నిలిచియున్నను కూలి ఆగిపోయినచో నిండిన కొట్ల యెదుటనే మనుష్యులు చత్తురు.

పత్మాసు ద్వీపమున యోహాను చూచిన మూడవ గుఱ్ఱమును ఈ తెలివితో చదువవలెను. నల్లని గుఱ్ఱమునెక్కినవాని చేతిలో ఖడ్గము లేదు, త్రాసు ఉన్నది. ఒక దేనారమునకు దొరకు గోధుమల కొలతను, యవల కొలతను ఒక స్వరము పలుకుచున్నది. దేనారము ఒక కూలివాని దినపు కూలి యని మత్తయి 20వ అధ్యాయమువలన ఎరుగుదుము. మన తర్జుమాలో సేరు అని యున్నచోట గ్రీకు పదము ఖోయినిక్స్, అనగా ఇంచుమించు ఒక లీటరు. ఒక మనుష్యునికి ఒక దినమునకు చాలు ధాన్యము. కాగా దినమంతయు పాటుపడినవాడు తన కడుపునకు మాత్రమే గోధుమలు కొనగలడు. భార్యాబిడ్డలకు పెట్టవలెనన్నచో యవలకు దిగవలెను. అప్పుడును నూనెకు, ఉప్పునకు, బట్టకు మిగులునది లేదు.

ఈ ధర యెంత ఘోరమైనదో తెలిసికొనుటకు ఒక రాతిశాసనము మనకు సాయపడుచున్నది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయమున పౌలు ప్రసంగించిన పిసిదియలోని అంతియొకయయందు, క్రీ.శ. 92–93 ప్రాంతమున, కఠినమైన చలికాలమువలన కరవు వచ్చెను. ఆంటిస్తియు రూస్తికు అను రోమా అధిపతి ఒక ఆజ్ఞ చెక్కించెను. ధాన్యము దాచినవారు తమ నిల్వను తెలియజేయవలెను. మోదియు అను కొలతకు ఒక దేనారమునకు మించి యెవరును తీసికొనకూడదు. చలికాలమునకు ముందు అదే మోదియు ఎనిమిది, తొమ్మిది ఆస్సులకు, అనగా ఇంచుమించు అర దేనారమునకు దొరికెడిదని ఆ శాసనమే చెప్పుచున్నది. మోదియు అనగా ఎనిమిది ఖోయినిక్సులు. లెక్క కట్టుడి. యోహాను విన్న ధర మంచి కాలపు ధరకు పదునారు రెట్లు, కరవులో అధికారి అనుమతించిన పై ధరకు ఎనిమిది రెట్లు.

అయితే నూనెకును ద్రాక్షారసమునకును హాని చేయకుము అను మాట యెందుకు వచ్చినది? ద్రాక్షతోటలలో సగము కొట్టివేయుమని దొమితియను చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞతో దీనిని ముడిపెట్టు పండితులున్నారు. అది సాధ్యమే గాని అంత దూరము పోనక్కరలేదని నా తలంపు. ధనికుల భూములలో ఎగుమతికై పండు పంట క్షేమముగా నున్నది. పేదవాడు తిను గింజ మాత్రము త్రాసులో తూగుచున్నది. భూమి యొక్కటే, వర్షము ఒక్కటే, పంటలు రెండు. కరవు రెండవవానిని మాత్రమే ఎన్నుకొన్నది.

ఇక మన దృష్టిని బస్తరు వైపు మరల్చుదము. తెలుగు క్రైస్తవునికి ఇది పరదేశము కాదు. ఓరుగల్లు పడిపోయిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ అడవులకు పోయి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము. కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడును. జగదల్‌పూరు ప్రక్కగా పారు ఇంద్రావతియు, దక్షిణమున శబరియు గోదావరిలో కలియుచున్నవి. బస్తరు మెట్టపొలములు ఎక్కువగా వానపైననే ఆధారపడి యుండగా, ఆ కొండలపై కురిసిన నీరు ధవళేశ్వరము దిగువన మన డెల్టా పొలములను తడుపుచున్నది. మన పులుసులోని చింతపండు సయితము తరచుగా జగదల్‌పూరు మండీనుండియే వచ్చును. ఆ చింతపండు చెట్టునుండి మన వంటింటికి వచ్చు దారిలో ధర యెక్కడ పెరిగినదని మనము అడుగుటలేదు.

బస్తరులో కొనువాడును అమ్మువాడును కలిసికొను చోటు వారపు సంత. ఇప్పపువ్వు, చింతపండు, లక్క, సారపప్పు అచ్చటికి దిగును. ఉప్పు, నూనె, బట్ట అచ్చటినుండి అడవికెక్కును. సారపప్పు పట్టణపు మిఠాయిలకు వాడు విలువగల పలుకు. అట్టి పప్పును తెచ్చిన ఆదివాసికి సరితూకము ఉప్పు ఇచ్చి పంపిన వర్తకుల సంగతి ఆ ప్రాంతపు చరిత్రలో మాసిపోని మచ్చ. ఉప్పు లేక ఎవరును బ్రదుకలేరు, అడవిలో ఉప్పు పుట్టదు. అవసరము ఒక వైపునే యున్నచోట త్రాసు సరిగా నున్నను బేరము దొంగబేరమే. ఆమోసు కాలపు వర్తకులు కొలతను తగ్గించి, తూనికరాయిని పెంచి, తాలు గింజలమ్మిరి. విశ్రాంతిదినము ఎప్పుడు గతించునా యని కనిపెట్టుకొనిరి. ఉప్పు వర్తకునికి అంత శ్రమయు లేకపోయెను. 1999లో బస్తరు జిల్లా అధికారుల పూనికతో గ్రామసభలు, స్త్రీల సంఘములు తామే చింతపండు కొనుటకు పూనుకొన్న ఉద్యమము, పంట ఒక్కటే యైనను కొనువాడు మారినచో వెల మారునని చూపినది.

బస్తరులో ఆకలి యెన్నడును ఒంటరిగా రాలేదు. 1899–1900లో ఒక ఘోరమైన కరవు, 1907–08లో మరియొకటి వచ్చినవి. ఆ రెంటి మధ్య, 1905లో, అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయవలెననియు, పోడు వ్యవసాయము, వేట, అడవి ఫలసాయము సేకరించుట మాన్పింపవలెననియు ప్రభుత్వము తలపెట్టెను. సంగతి చూడుడి: పొలము పండని యేట ఆదివాసి అడవి దుంపలతో, ఇప్పపువ్వుతో ప్రాణము నిలుపుకొనును. అడవియే అతని ధాన్యపు కొట్టు. కరవు ఒక కొట్టును ఖాళీ చేయగా చట్టము రెండవదానికి తాళము వేసినది. దానితో శిస్తు పెంపు, వెట్టిచాకిరి. 1910లో మామిడి కొమ్మ, మట్టిపెళ్ల, మిరపకాయలు, బాణము గ్రామమునుండి గ్రామమునకు సంకేతముగా తిరిగినవి. నేతానారు గ్రామమునకు చెందిన గుండాధూర్ పేరు ఆ భూమకాల్ తిరుగుబాటుతో నిలిచిపోయినది. సంతలు దోచుకొనబడినవి, అధికారుల, వర్తకుల యిండ్లు కాల్చబడినవి, ధాన్యము పంచిపెట్టబడినది. పోలీసులు, వర్తకులు, అటవీ బంట్రోతులు, బడిపంతులు నలుదిక్కులనుండి జగదల్‌పూరులోనికి పారివచ్చుటను విలియం వార్డు అను మిషనరీ కన్నులార చూచి వ్రాసెను. మూడు నెలలకు గాని తిరుగుబాటు అణగలేదు, గుండాధూర్ దొరకలేదు. రిజర్వు చేయదలచిన విస్తీర్ణము తరువాత దాదాపు సగమునకు తగ్గింపబడెను.

పారిపోయి వచ్చినవారిలో బడిపంతులు ఉండుట మనము గమనింపవలెను. ఆకలిగొన్నవాని కన్నులకు బడియు, ఠాణాయు, అంగడియు ఒకే యింటి మూడు గదులుగా కనబడినవి. మన మిషను చరిత్రలు ఇట్టి వాక్యములను త్వరగా దాటిపోవును.

స్వరాజ్యము తరువాత 1960ల దశకమున కొత్తవలస–కిరండూలు రైలుమార్గము వేయబడినది. 1968 మొదలు బైలాడిలా గనుల ఇనుపరాయి ఆ దారిని విశాఖపట్టణపు రేవుకు దిగి జపాను దేశమునకు పోయినది. కొండను త్రవ్వి కొనిపోవుటకు రైలు వచ్చెను గాని, నెలకు సరిపడు బియ్యము నమ్మకముగా కొండకెక్కుటకు మరి యొక తరము పట్టినది.

ఆ రెండవ సంగతి యెట్లు జరిగెనో వివరముగా చెప్పదగినది. మన రాష్ట్రమున 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును ఇచ్చినది. మన తల్లులు ఆ పేరును ఇంకను మరువలేదు. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఆ కాలపు చౌకధరల దుకాణములు చాలవరకు ప్రైవేటు వర్తకుల చేతులలో నుండెను. 2004లో వాటిని వారినుండి తీసివేసి పంచాయితీలకు, సహకార సంఘములకు, స్త్రీల స్వయంసహాయక సంఘములకు అప్పగించిరి. బియ్యపు లారీలకు పసుపు రంగు వేసిరి; సరకు ప్రక్కదారి పట్టినచో పల్లెవారి కన్నులే పట్టుకొనగలవు. 2007 తరువాత పేద కుటుంబమునకు నెలకు 35 కిలోలు కిలో మూడు రూపాయలకును, పిమ్మట రెండు రూపాయలకును, కడుపేదలకు ఒక రూపాయికిని వచ్చినవి. ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతికా ఖేరా వేసిన లెక్క ప్రకారము, 2004–05లో ఆ రాష్ట్రపు చౌక ధాన్యములో సగమునకు పైగా దారిలో మాయమగుచుండగా, 2009–10 నాటికి అది పదవవంతునకు తగ్గినది. 2012 డిసెంబరులో ఆ రాష్ట్ర శాసనసభ ఆహార భద్రతా చట్టమును చేసినది. మరుసటి యేడు దేశమంతటికి చట్టము వచ్చినది. ఆదివాసి మండలములలో ఉప్పు ఉచితముగా ఇచ్చుటయు ఈ యేర్పాటులో భాగమే. సారపప్పు కథ తెలిసినవారికి ఆ రెండు కిలోల ఉప్పు పొట్లము చిన్న సంగతి కాదు.

వర్షము పెరుగలేదు, నేల మారలేదు. త్రాసు పట్టిన చేయి మారినది. అందుచేత కరవు దేవుని చిత్తమని పెదవి విరుచువారితో నేను ఏకీభవింపలేను.

అట్లని బస్తరు ఆకలి తీరినదని చెప్పుట అసత్యము. బియ్యమున్నను పప్పు, నూనె ధరలు పేదవానికి అందవు. రాగి జావను బస్తరువారు పేజ్ అందురు. రాగి, కొర్ర, ఆరికలు వెనుకబడి, పొట్ట నిండుట మాత్రము మిగిలినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. 2005 తరువాత సల్వాజుడుం కాలపు కలహములలో వందలాది గ్రామములు చెదరి, వేలమంది నేటి తెలంగాణ అడవులకు వలస వచ్చిరి. ఏటేట మిరపకోత కాలమున ఖమ్మము, ములుగు ప్రాంతముల తోటలకు బస్తరు కూలీలు వచ్చుట మనము చూచుచున్న సంగతియే. 2020 వేసవిలో లాక్‌డౌను రాగా వారిలో అనేకులు అడవిదారులను కాలినడకన ఇండ్లకు మరలిరి. చేరనివారును కలరు.

లోకమంతటి సంగతిని చూచినను ఇదే త్రాసు. ధరలు పెరుగుటకు అనావృష్టి ఒక కారణము మాత్రమే. 2007–08లో చమురు ప్రియమైనందున ఎరువులు, రవాణా ప్రియమైనవి. అమెరికాలో మొక్కజొన్న కార్ల యింధనమునకు మళ్లినది. భయపడిన దేశములు ఎగుమతులు ఆపినవి, మన దేశమును వాటిలో నొకటి. 2008 ఆరంభమున టన్ను నాలుగు వందల డాలర్లకు లోపుగా నున్న థాయి బియ్యము కొద్ది నెలలలో వెయ్యి డాలర్లను తాకినది. హైతీలో అల్లరులు చెలరేగి ఏప్రిలులో ప్రధానమంత్రి పదవి పోయినది. ఆ నెలలలో లోకపు బియ్యము కరగిపోలేదు. కొరత వచ్చునేమో అను భయమే కొరతను పుట్టించినది. 2022లో రష్యా ఉక్రెయినుపై యుద్ధమునకు దిగగా ఆ యేటి మార్చిలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ధరల సూచిక మునుపెన్నడు లేని యెత్తునకు చేరినది. 2023 జూలైలో మన ప్రభుత్వము తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించి 2024 సెప్టెంబరులో ఎత్తివేసినది. మన వంటింటి ధర నిలుపుటకు చేసిన పని ఆఫ్రికాలోని వంటిండ్లను తాకినది. 2024లో 67 కోట్లకు పైగా జనులు ఆకలితో నుండిరని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. 2022లో ఇండ్లలో, హోటళ్లలో, అంగళ్లలో పారవేయబడిన ఆహారము నూరు కోట్ల టన్నులకు మించినది.

1943 బెంగాలు కరవును పరిశోధించి అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున తేల్చినదియు ఇదియే. ఆ యేటి ధాన్యము 1941 నాటికంటె తక్కువ కాదు. యుద్ధకాలపు ధరలు పరుగెత్తగా కూలివాని కూలి కుంటుచు నడచెను. ఇరువది ముప్పది లక్షల మంది చనిపోయిరి.

ఇప్పుడు యోసేపు నొద్దకు పోవుదము. ఆదికాండము 42:6లో అతనికి మష్బీర్ అను హెబ్రీ పేరు కలదు; ధాన్యము అమ్మువాడని అర్థము. సామెతలు 11:26లో ధాన్యము బిగబట్టువానిని జనులు శపింతురనియు, అమ్మువాని తలమీదికి దీవెన వచ్చుననియు చెప్పుచోట అదే పదము వాడబడినది. కనుక యోసేపు దీవెన పొందిన వర్తకుడు. ఇంతవరకు మన ప్రసంగములు చెప్పును. 47వ అధ్యాయమును చెప్పవు. అందు జనులు మొదట రూకలను, పిమ్మట పశువులను, పిమ్మట పొలములను, తుదకు తమ దేహములను ఇచ్చి ధాన్యము కొనిరి. 21వ వచనమున హెబ్రీ ప్రతులలో అతడు జనులను పట్టణములకు తరలించెనని యుండగా, సమరయ, గ్రీకు ప్రతులలో వారిని దాసులుగా చేసెనని యున్నది. తర్జుమా చేయువానికి ఇచ్చట కలము ఆగును. ప్రాణము దక్కినది, స్వాతంత్ర్యము పోయినది. కొన్ని తరములకు యోసేపు సంతతియే ఆ దేశమున ఇటుకలు చేసెను. యాజకుల భూములు మాత్రము అమ్ముడుపోలేదు, వారికి ఫరో బత్తెము ముట్టినది. సంఘపు జీతముతో బ్రదుకు నావంటివారు 22వ వచనమును నెమ్మదిగా చదువవలెను.

మన తెలుగు సంఘముల చరిత్రయు ఒక కరవు గుండా నడచినది. 1876–78 నాటి ధాత కరవులో సర్ రిచర్డు టెంపులు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పమైన కాసులును చాలునని నిర్ణయించెను. ఒక పౌను ఖోయినిక్స్ తూకములో దాదాపు సగము. రైళ్లు, ఓడలు గోధుమలను ఇంగ్లండుకు మోయుచునే యుండెను. వర్తకమునకు అడ్డుపడరాదని పైవారి సిద్ధాంతము. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపెను. బాప్తిస్మము అడిగినవారు అనేకులు. ఆయన సుమారు పదునైదు మాసములు ఎవరికిని ఈయలేదు. బియ్యము కొరకు వచ్చిరను మాట పడరాదని ఆయన భయము. సహాయపు పనులు ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒకే దినమున బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము వేదికలపై చెప్పుకొందుము. ఆ పదునైదు మాసములు అంతకంటె గొప్పవని నేనెంచుచున్నాను.

ఎందుకనగా, అన్నమును విశ్వాసముతో ముడివేయుట రెండు విధములుగా జరుగును. 2014లో జగదల్‌పూరునకు ఎంతో దూరము కాని ఒక గ్రామమున క్రైస్తవ కుటుంబములకు చౌక బియ్యము కొన్ని వారములు నిరాకరింపబడినదనియు, అడిగినందుకు కొట్టబడిరనియు పత్రికలలో వచ్చినది. చట్టము ఆకలిని మాత్రమే చూడవలెను, ఆరాధనను చూడకూడదు. ఈ హక్కును మన సహోదరులకు కోరునప్పుడు, మన సంఘములు పంచు సరకుల వరుసలోను అదే నియమము నిలువవలెను గదా. పొరుగున ఏ దేవుని పేరు పలుకబడునో విచారించి పొట్లము కట్టు అలవాటు మనలో లేదని ఎవరైన ప్రమాణము చేయగలరా?

ఈ పాఠమును నడుపువారు నెహెమ్యా 5వ అధ్యాయమును బిగ్గరగా చదివింపవలెను. కరవులో ధాన్యము కొరకు పొలములు, ఇండ్లు కుదువపెట్టినవారు, కుమార్తెలను దాస్యమునకిచ్చినవారు అచ్చట మొఱ్ఱపెట్టుచున్నారు. అప్పిచ్చినవారు పరదేశులు కారు, స్వజనులే. నెహెమ్యా తన బంధువులును తన సేవకులును అప్పిచ్చిన సంగతిని దాచలేదు. పొలములను, ద్రాక్షతోటలను, ఒలీవతోటలను, ఇండ్లను, నూటికి ఒకటి చొప్పున తీసికొనిన వడ్డీని ఆ దినమే తిరిగి యీయుమని అడిగెను. పిమ్మట తరగతివారు తమ యూరి చౌక దుకాణపు తూనికను, తమ తోటలకు వచ్చు వలస కూలీల దినకూలిని, ఆ కూలికి ఆ యూరిలో ఎన్ని సేర్ల బియ్యము వచ్చునో కనుగొని వచ్చి వచ్చే ఆదివారము నల్లబల్లపై వ్రాయుదురు గాక. పంట పండుగ వేలములో ఒక కొబ్బరికాయ వేయి రూపాయలు పలికినను ఎవరికిని నష్టము లేదు. ఆ వేయి రూపాయలు ఎవరి యింటికి పోవలెనో ఆ నల్లబల్లను చూచి పెద్దలు నిర్ణయింపవచ్చును.